మన పాత జిల్లా లాయరు: దామోదరం సంజీవయ్య చరిత్రలో మనకేముంది?



మొన్న మన గ్రూపులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే తమ్ముడొకడు ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, లాసెట్ రాయమంటారా, గ్రూప్స్‌కి కూర్చోమంటారా? మా తండాలో లాయరైనోడు ఒక్కడూ లేడు. లా చదివి కోర్టు దగ్గర చెట్టు కింద కూర్చుంటానంటే ఇంట్లో ఒప్పుకోరు" అని. కింద జవాబులు చాలా వచ్చాయి. సగం మంది గ్రూప్స్ అన్నారు, కొంతమంది బ్యాంకు అన్నారు, ఒకరిద్దరు నవ్వు బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. మేము ఆ రోజు ఏమీ రాయలేదు. రెండు ముక్కల్లో తేలే మాట కాదనిపించింది. ఒక మనిషి కథ చెబితే గానీ అది తెగదు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే. హాస్టల్లో రాత్రి తిన్నాక నిదానంగా చదవండి.

ఆ మనిషి దామోదరం సంజీవయ్య. దేశంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు అని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైను బిట్‌గా చదువుకుని వదిలేసి ఉంటాం. ఆయన కర్నూలాయన కదా, మన మార్కాపురానికీ గిద్దలూరుకీ ఏం సంబంధం అనుకుంటారేమో. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మనమూ కర్నూలు జిల్లావాళ్ళమే

2025 దాకా మనం ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతం అని చెప్పుకున్నాం గానీ, 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం అన్నీ కర్నూలు జిల్లాలోవే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి మన ప్రాంతం తీసి కలిపి దాన్ని చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన కూడా ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు చదివొచ్చి శాసనసభకు వెళ్ళినాయనే. అంటే ఆ జిల్లా పేరులోనే ఒక లాయరు ఉన్నాడు.

మీ ఇంట్లో తాతల నాటి భూమి కాగితం ఏదైనా మిగిలి ఉంటే తీసి చూడండి. పైన కర్నూలు జిల్లా అనే ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కూడా కర్నూలే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయేదాకా, మూడేళ్ళపాటు మన పెద్దోళ్ళకు జిల్లా కేంద్రమూ రాజధానీ ఒకటే ఊరు. ఆ ఊరి పక్కనున్న పెద్దపాడు అనే చిన్న పల్లెలో పుట్టిన మనిషి గురించి చెబుతున్నాం. కాబట్టి పరాయి జిల్లా కథ కాదిది, మన పాత జిల్లా కథే.

తండ్రి లేని పిల్లోడు, అప్పుచేసిన చదువు

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. సొంత భూమి లేదు. కూలి చేసుకుని బతికే ఇల్లు. మేనమామ అండ, అన్న చిన్నయ్య పట్టుదల లేకపోతే ఆ పిల్లోడు కూడా పశువుల వెంట పోవాల్సినోడే. మనలో ఎంతమందికి ఈ కథ కొత్త? తండాలో, గూడెంలో, ఒక అన్న చదువు మానేసి కూలికి పోతే తమ్ముడు హాస్టల్లో చేరిన ఇళ్ళు మన గ్రూపులో లెక్కపెడితే చాలానే తేలతాయి.

కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో స్కూలు చదువు ముగించి, అనంతపురం దత్తమండల కాలేజీలో 1942లో బీఏ పూర్తి చేశారు. లెక్కల మనిషి. డిగ్రీ అయ్యాక నేరుగా లాకు పోలేదు. పోయే స్తోమత లేదు. చిన్నచిన్న సర్కారు కొలువులు చేశారు, కర్నూల్లో గుమాస్తాగా, బళ్ళారిలో తాత్కాలిక ఉద్యోగిగా. ఆ తర్వాత మద్రాసు లా కాలేజీలో చేరి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఆ డబ్బుతో చదివి 1948లో బీఎల్ పట్టా తీసుకున్నారు.

ఇక్కడ మన వైపు నుంచి ఒక మాట కలపాలి. ఆయన మద్రాసులో లా పుస్తకాలు చదువుతున్న ఆ రోజుల్లోనే, 1947లో, మద్రాసు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసింది. ఎరుకల వాళ్ళతో పాటు సంచారం చేసే ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిన చట్టం అది. దాని కింద మన పెద్దోళ్ళు పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి, కొంతమందిని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న రద్దయింది. 1871లో నలుగురు కూర్చుని రాసిన చట్టం ఎనభై ఏళ్ళు మనుషుల మెడ మీద కూర్చుంది. అది పోవాలన్నా ఇంకో చట్టం రాయాల్సొచ్చింది. చట్టమంటే ఎక్కడో పుస్తకంలో ఉండే అక్షరాలనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

కోర్టులో తక్కువ, సభలో ఎక్కువ

సంజీవయ్య 1950 అక్టోబరులో మద్రాసులో అడ్వకేటుగా పేరు నమోదు చేయించుకున్నారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952లో తొలి సాధారణ ఎన్నికల్లో ఎమ్మిగనూరు నుంచి మద్రాసు శాసనసభకు గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖల మంత్రి అయ్యారు. అప్పటికి వయసు 31. నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించిన కాలం ఆయన జీవితంలో చాలా కొద్ది. లా చదివిన చదువంతా ఖర్చయింది సభలోనే.

మన తమ్ముడు అడిగినదానికి ఇక్కడ సగం జవాబు ఉంది. లా అంటే కోర్టు దగ్గర చెట్టు కింద కూర్చోవడమే అనుకుంటున్నాం. బిల్లులో ఒక పదం మారిస్తే ఎవరి పొలం పోతుందో, ఎవరి పొలం నిలుస్తుందో చూడగలిగే కన్ను కూడా లాయే. ఆ కన్ను ఉన్నోడు ఎక్కడ కూర్చున్నా పనికొస్తాడు.

1953లో ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం వచ్చినప్పుడు సంజీవయ్య అందులోనూ మంత్రి. 1955లో ఎమ్మిగనూరు నుంచే మళ్ళీ గెలిచారు. బెజవాడ గోపాలరెడ్డి దగ్గర, తర్వాత నీలం సంజీవరెడ్డి దగ్గర మంత్రిగా చేశారు. ముఖ్యమంత్రులు మారారు, రాజధానులు మారాయి, మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, ఈయన మాత్రం ప్రతి మంత్రివర్గంలోనూ ఉన్నారు. వెనక డబ్బు లేదు, బలమైన కులం లేదు, ఊళ్ళో మందీమార్బలం లేదు. పని తెలిసినోడు, ఫైలు చదివి అర్థం చేసుకోగలిగినోడు అనే పేరే ఆయనకు ఆస్తి.

ఒక తేదీ: 1954 జూన్ 18

ఇక్కడ కొంచెం ఆగి ఒక తేదీ చెప్పుకుందాం. చరిత్ర పుస్తకాల్లో దీన్ని ఎవరూ పెద్దగా రాయరు. రెవెన్యూ ఆఫీసుల్లో, కోర్టుల్లో మాత్రం రోజూ వినపడుతుంది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా, సంజీవయ్య ఆ మంత్రివర్గంలో ఉన్నప్పుడు, 1954 జూన్ 18న రెవెన్యూ శాఖ 1142 నంబరు జీవో ఇచ్చింది. భూమి లేని పేదలకు సర్కారు ఇచ్చే బంజరు భూమిని వాళ్ళు సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, ఇతరులకు అమ్మడానికి మాత్రం లేదు. మన వైపు డీకేటీ పట్టా అంటామే, దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చే భూమి, దాని మీద అమ్మకూడదనే షరతు ఆ తేదీ నుంచే గట్టిగా మొదలైంది.

ఎందుకు పెట్టారా షరతు? కరువొచ్చిన ఏడాది కందిపప్పు బస్తాకో, పెళ్ళి అప్పుకో, ఆస్పత్రి ఖర్చుకో పేదోడు పట్టా కాగితం తీసుకెళ్ళి షావుకారి చేతిలో పెడతాడని వాళ్ళకు తెలుసు. మన ప్రాంతంలో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. వాన పడని ఏడాది మన తండాలు సగం ఖాళీ అయిపోతాయి. ఇంటికి తాళమేసి, ముసలోళ్ళను వదిలి, గుంటూరు మిరపకోతలకో హైదరాబాదు మేస్త్రీ పనికో పోవడం మనకు ఏటా ఉన్నదే. అట్టాంటి ఏడాది చేతిలో ఉన్న కాగితాన్ని కాపాడేది ఆ ఒక్క షరతే.

ఆ షరతును తర్వాత 1977లో 9వ నంబరు చట్టంగా చేశారు. అసైన్డ్ భూమి కొన్నోడికి హక్కు రాదు, అమ్మినా అమ్మకం చెల్లదు, పేదోడికి తిరిగి ఇప్పించొచ్చు అని ఆ చట్టం చెప్పింది. 2023లో దాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అసలు హక్కుదారు, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చు అన్నారు. కొంతమంది మంచిదే అంటారు, ఇంతకాలం చేతిలో భూమి ఉండీ బ్యాంకులో విలువ లేదు కదా అని. ఇంకొంతమంది కంచె తీసేశారు అంటారు. మీరు ఏదైనా అనండి, ముందు మీ పొలం ఏ తేదీ పట్టాయో తెలుసుకుని మాట్లాడండి.

ముఖ్యమంత్రిగా 26 నెలలు

నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీకి పోవడంతో 1960 జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా 39 నిండలేదు. 1962 మార్చి 12 దాకా ఉన్నారు. మొత్తం 26 నెలలు. ఈ 26 నెలల్లో చేసినవాటిలో మూడు సంగతులు చెబుతాం.

మొదటిది, ముసలోళ్ళ పింఛను. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది ఆయన హయాంలోనే. దీని వెనక ఒక కథ చెబుతుంటారు. ముఖ్యమంత్రి అయ్యాక పల్లెకు పోయి తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టాడట. నీకు నేనున్నాను గనుక పంపిస్తావు, కొడుకు లేని ముసలమ్మల సంగతేంటి అని సుంకులమ్మ అడిగిందట. కథ ఎంతవరకు నిజమో పక్కనపెట్టండి. ఇవ్వాళ ఒకటో తారీఖు పొద్దున మీ తండాలో అవ్వ గడప దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటుంటే, ఆ దారి మొదట తవ్వినాయన ఎవరో తెలుసుకోవడం మన పని.

రెండోది, అవినీతి నిరోధక శాఖ. 1961 జనవరి 2న అది విడి శాఖగా మొదలైంది. ఏసీబీ అంటే మనకు ఇప్పుడు పేపర్లో ఫొటోలే గుర్తొస్తాయి, టేబుల్ మీద రంగుమారిన నోట్లు, పక్కన తలదించుకున్న మనిషి. లంచం అడిగినోడి మీద ఫిర్యాదు చేసేందుకు మామూలు పోలీసుకు బయట ఒక చోటు ఉండాలి అనే ఆలోచన లాయరుకు వచ్చే ఆలోచన. కులం సర్టిఫికెట్టు కోసం ఒక ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగిన అనుభవం మాలోనూ ఉంది. ఆ పదిసార్లలో ఒక్కసారి కూడా, పైన ఫిర్యాదు చేసే చోటు ఒకటుందని గుర్తు రాలేదు. తెలియక కాదు, మనకెందుకులే అనే భయం. చట్టం తెలిసినోడు పక్కనుంటే తగ్గేది ఆ భయమే.

మూడోది, భూమి. ఆయన కాలంలో ఆరు లక్షల ఎకరాల బంజరు పేదలకు పంచారని చెబుతారు. ఇట్టాంటి పంపిణీల్లోనే రాష్ట్రంలో ఎన్నో దళిత, గిరిజన ఇళ్ళకు మొదటిసారి పట్టా కాగితం అందింది.

ఆయన పెట్టిన చట్టమే ఆయనకు లొంగలేదు

ఇంతవరకు చదివి, ఆహా ఎంత గొప్పోడు అని దండం పెట్టి పోతే మనం చరిత్ర చదివినట్టు కాదు. జరగనివి కూడా చూడాలి.

1961లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. ముఖ్యమంత్రి సంజీవయ్యే. ఒక మనిషికి ఇంతకంటే భూమి ఉండకూడదు, మిగిలింది సర్కారు తీసుకుని లేనోళ్ళకు ఇస్తుంది అనేది దాని ఉద్దేశం. చెప్పుకోవడానికి బాగుంది. లోపల అంకెలు చూడండి. పరిమితి భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా! మంచి మాగాణికి 27, బాగా తక్కువ రకం మెట్టకు 324. మనది మెట్ట ప్రాంతం. కంభం చెరువు కింద కొంత మాగాణి తప్ప మిగతాదంతా వాన మీద బతికేదే. మెట్ట భూమికి వందల ఎకరాల దాకా హద్దు పెడితే, ఆ హద్దు దాటే ఆసామి ఎంతమంది తేలతారు? తేలినా, చట్టం వస్తుందని ముందే తెలిసి కొడుకుల పేర, అల్లుళ్ళ పేర కాగితాల మీద పంచేసుకున్నారు. చట్టం ఉంది, భూమి రాలేదు.

పన్నెండేళ్ళ తర్వాత, 1973లో కొత్త పరిమితి చట్టం చేసి మెట్ట హద్దును 35 నుంచి 54 ఎకరాలకు దించాల్సొచ్చింది. అప్పటికి సంజీవయ్య లేరు.

ఎందుకట్టా జరిగింది? లా తెలిసినాయనకు ఆ అంకెల అర్థం తెలీదా? తెలుసు. కానీ చట్టాన్ని ఒక్కడు రాయడు. సభలో చేతులెత్తేవాళ్ళు రాస్తారు. ఆ సభలో ఎక్కువమంది భూమి ఉన్నోళ్ళే. సొంత పార్టీలోనే పెద్ద పెద్ద వర్గాలు ఆయన కుర్చీని లాగుతూ ఉన్నాయి. 1962 ఎన్నికల్లో ఆయన కోడుమూరు నుంచి గెలిచారు, కాంగ్రెసూ గెలిచింది, అయినా మళ్ళీ ముఖ్యమంత్రి కాలేదు. సంజీవరెడ్డి తిరిగొచ్చి కూర్చున్నారు. ఈయన్ను కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేసి ఢిల్లీకి పంపారు.

ఇంకోటి. పాత నేరస్థ జాతుల చట్టం పోయిందని సంతోషించాం కదా, 1962లో మన రాష్ట్రానికి అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. అందులో జాతి పేరు లేదు, మనిషినే చూస్తామన్నారు. ఎవరి పేర్లు ఆ పుస్తకంలోకి ముందు ఎక్కేవో మన ఎరుకల పెద్దలను అడగండి, చెబుతారు. మంచివాడు పైన కూర్చున్నంత మాత్రాన కింద స్టేషన్లో రిజిస్టరు మారదు.

ఢిల్లీలో పదేళ్ళు

1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బోనస్ చెల్లింపు చట్టం 1965లో ఆయన శాఖ నుంచే వచ్చింది. అంతకుముందు పండక్కి యజమాని దయతలచి ఇస్తే బోనస్, లేకపోతే లేదు. ఆ చట్టంతో అది కూలివాడి హక్కయింది. మొదట్లో కనీసం 4 శాతం, తర్వాత అది 8.33 శాతమైంది. తర్వాత పరిశ్రమల మంత్రిగా చేశారు. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1972 మే 7న ఢిల్లీలో చనిపోయారు. వయసు 51. అన్ని పదవులు చేసినాయన ఆస్తులేమీ వెనకేసుకోలేదని ఆయన వ్యతిరేకులూ ఒప్పుకుంటారు.

విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. పిల్లలకు పాఠాలు చెప్పి ఫీజు కట్టుకుని లా చదివినోడి పేరు మీద ఇవ్వాళ ఒక యూనివర్సిటీ. అందులో ఎస్టీ సీట్లున్నాయి. మన మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం తండాల నుంచి, గూడేల నుంచి అందులో ఎంతమంది చేరారో మన గ్రూపులో లెక్క తీద్దామా?

మన దగ్గర మన సీటు లేదు

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మన పడమటి ప్రాంతం నుంచి కూడా పేరున్న శాసనసభ్యులు వెళ్ళారు. గిద్దలూరు నుంచి పిడతల రంగారెడ్డి 1968లో శాసనమండలి అధ్యక్షుడు, 1972లో శాసనసభ స్పీకర్ అయ్యారు. వెలిగొండ నీళ్ళ కోసం గొంతెత్తిన కమ్యూనిస్టు పూల సుబ్బయ్య పేరు ఆ ప్రాజెక్టుకే పెట్టారు. గిరిజనుడు మాత్రం ఒక్కడూ ఇక్కడి నుంచి పోలేదు. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లోని 175 సీట్లలో ఎస్టీలకు ఉన్నవి 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఉత్తరాన, గోదావరి వైపు. మన దగ్గర ఎర్రగొండపాలెం 2009 నుంచి ఎస్సీ సీటు. మార్కాపురం, గిద్దలూరు జనరల్.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మన నల్లమల, చెంచు గూడేలు, సుగాలి తండాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి రావు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల ఏజెన్సీ వస్తుంది. కృష్ణ దాటి అవతల తెలంగాణ అమ్రాబాద్ వైపు చెంచుల ప్రాంతం వస్తుంది. ఇవతల మనది రాదు. అడవి ఒకటే, చెంచులు చుట్టాలే, నది మాత్రం చట్టాన్ని రెండుగా కోసింది. దీనివల్ల ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా కాపాడే 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ, మన మార్కాపురంలో పనిచెయ్యవు. మనోడు పట్టా భూమి అమ్మేస్తే ఆపే చట్టం ఇక్కడ లేదు. డీకేటీ షరతు ఒక్కటే కాస్త అడ్డం ఉండేది. అందుకే పైన ఆ తేదీ గురించి అంత చెప్పాం.

జాబితా సంగతీ అంతే. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలకు 1956లో ఎస్టీ గుర్తింపు వచ్చింది. తెలంగాణ లంబాడీలకు 1976 చట్టం దాకా రాలేదు. ఒకే భాష, ఒకే సేవాలాల్ మహారాజ్, మధ్యలో ఇరవై ఏళ్ళ తేడా. ఒక కాగితంలో ఒక పేరు ఉండటం, లేకపోవడం అంటే ఒక తరం పిల్లల హాస్టలు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం.

మనకున్న చట్టం ఏది?

మనకు ఏమీ లేదని కూర్చోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ఏరియా బయట కూడా పనిచేస్తుంది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనుడికి, సాగులో ఉన్నంత మేర, 4 హెక్టార్లు మించకుండా హక్కు ఇవ్వాలి. అమ్మడానికి లేదు, పిల్లలకు వస్తుంది. దరఖాస్తు మొదలయ్యేది ఫారెస్టోళ్ళ దగ్గర కాదు, గ్రామసభలో. గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. అందులో మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అక్కడి నుంచి డివిజన్ కమిటీకి, ఆపైన జిల్లా కమిటీకి పోతుంది. కాగితం లేకపోతే ఊరి పెద్దల మాటను రాసి సాక్ష్యంగా పెట్టొచ్చు. తిరస్కరిస్తే ఎందుకో రాసి చెప్పాలి, పైకి అప్పీలు చేసుకోవచ్చు. సేకరించుకునే తేనె, చింతపండు లాంటి అటవీ ఫలసాయం మీద కూడా హక్కు ఈ చట్టంలోనే ఉంది.

నల్లమలలో పాలుట్ల లాంటి లోపలి గూడేలకు ఇది ప్రాణం లాంటి చట్టం. అయినా ఎన్ని గ్రామసభల్లో ఆ నిబంధనలు చదివి వినిపించినోడు ఉన్నాడు? ఎవరో ఒక ఫారం తెస్తారు, వేలిముద్ర వేయిస్తారు, రెండేళ్ళకు తిరస్కరించారని తెలుస్తుంది, ఎందుకో తెలీదు, అప్పీలు గడువు దాటిపోయుంటుంది. 1961 చట్టం పైన సభలో ఓడిపోయింది. ఇది కింద గ్రామసభలో ఓడిపోతోంది. రెండు చోట్లా కొరత ఒకటే, మన తరఫున కాగితం చదివే మనిషి.

తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి ఇదీ మా జవాబు. లాసెట్ రాయి. గ్రూప్స్ కూడా రాయి, ఒకటి ఇంకోదానికి అడ్డం కాదు. లా చదివినోడికి గ్రూప్స్‌లో రాజ్యాంగం పేపరు తేలిగ్గా ఉంటుంది. నువ్వు ఎమ్మెల్యే కావాలని మేము అనట్లేదు. మన దగ్గర ఆ దారి ఇప్పటికి ఇరుకే. సంజీవయ్య మంత్రి కాకముందే, ముఖ్యమంత్రి కాకముందే, కాగితం చదివి అందులో ఎవరికి నష్టమో చెప్పగలిగిన మనిషి. ఆ పని చెయ్యడానికి సీటు రిజర్వు కానక్కర్లేదు. నీ తండాకు ఒకడు, ఆ పక్క గూడేనికి ఒకతి చాలు. చెల్లెళ్ళూ, మీకు కూడా ఇదే మాట. గ్రామసభలో ఆడపిల్ల లేచి సెక్షన్ నంబరు చెబితే ఎదుటోడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

ఇంట్లో ఒప్పుకోరు అన్నావు. సంజీవయ్యకు డిగ్రీకీ లా పట్టాకీ మధ్య ఆరేళ్ళు పట్టింది, గుమాస్తా పని చేసుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ. ఒకేసారి కాకపోతే రెండు దఫాల్లో చదువు.

ఇక అందరికీ ఒక పని. ఈ ఆదివారం ఇంటికి పోయినోళ్ళు ట్రంకు పెట్టె తెరిచి పాత పట్టా కాగితం బయటికి తీయండి. మూడు సంగతులు రాసుకోండి: ఏ జిల్లా అని ఉంది, ఏ తేదీ ఉంది, అమ్మకూడదు అనే షరతు ఉందా లేదా. తేదీ 1954 జూన్ 18కి ముందా తర్వాతా చూడండి. కాగితం ఫొటో గ్రూపులో పెట్టొద్దు, సర్వే నంబర్లు బయటపడతాయి. ఆ మూడు సంగతులే కింద రాయండి. తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ భూమి ఎట్టా వచ్చిందో, పోయుంటే ఎట్టా పోయిందో అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. మన ప్రాంతం చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు, ఆ పెట్టెల్లోనే ఉంది.

వచ్చిన వివరాలన్నీ కలిపి వచ్చే నెల ఇంకో పోస్టు రాస్తాం.